దేవేంద్ర కాచిన గంజి

దేవేంద్ర మా నేతగాళ్ల వీధి గంజిని తమిళనాడులోని ఈరోడ్ కంపెనీకి అమ్ముకుని లక్షలు దాచుకున్నాడని నగరి బస్టాండు దాకా ఒక మాట తిరుగుతోంది. టీకొట్టు ధనశేఖర్ అయితే ఆ లక్షలతో వాడు తిరుపతిలో ఏ పక్క స్థలం కొన్నాడో కూడా చెబుతున్నాడు. "నువ్వు సూసినావా?" అని అడిగితే, "కారొచ్చింది గదా పిన్నమ్మా" అంటాడు. కారు వచ్చిన మాట నిజమే. అది ఎందుకు వచ్చిందో, ఎందుకు తిరిగిపోయిందో నేను కనుక్కున్నాను. కనుక్కోకుండా నాకు అన్నం దిగదు.

దేవేంద్ర మా ఎదురింటి వరదయ్య కొడుకు. వరదయ్య ఇప్పటికీ చేమగ్గం మీదే నేస్తాడు. వీడు చిన్నప్పుడు గంజి కుండలో వేలు పెట్టి నాకి, "పులిసిపోయింది నాయనా" అని చెప్పేవాడు. తిరుపతి యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి, అక్కడే ఒక ప్రొఫెసరు దగ్గర పరిశోధనలో కుదురుకున్నాడు. కుదురుకున్నాడు అనకూడదేమో. ప్రాజెక్టు ఉంటే జీతం, లేకపోతే లేదు. ముప్పై దాటినా అదే వరస.

మా వీధికి కార్తీకం వానలంటే భయం. నూలు పడుగుకు గంజి పెట్టకపోతే మగ్గం మీద పోగులు తెగుతాయి. బియ్యం గంజి పెడితే ఆ ముసురులో ఆరదు, కంపు కొడుతుంది, బూజు పడుతుంది. వాన వెలిసేదాకా మగ్గాలు ఊరికే ఉంటాయి. దేవేంద్ర పట్టుకున్న పని ఇదే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు రోడ్డు పక్కన పారబోసే టెంకలు తెచ్చి, లోపలి జీడిని పిండి చేసి, దాంట్లో ఇంకొకటి కలిపి గంజి కాచాడు. ఆ ఇంకొకటి ఏదో ఇక్కడ రాయను. ఇప్పుడు దాచి లాభం లేదు గానీ, రాయను.

రెండేళ్ల కిందట కార్తీకంలో ఆ పిండి డబ్బాలో పోసుకుని వచ్చాడు. గంజి పెట్టడమంటే తలుపేసుకుని చేసే పని కాదు. పడుగును వీధి పొడవునా సాచి, ఇటు కొందరు అటు కొందరు నిలబడి, తడి ఆరేలోపు కుంచెలతో దువ్వాలి. ఈరోజు వాళ్లింటి పడుగుకు మేము పోతే, రేపు మా ఇంటి పడుగుకు వాళ్లు వస్తారు. ఆ రోజు ఒక కొన నేను పట్టుకున్నాను. నెత్తిన మబ్బు, గాలిలో తేమ. అయినా చినుకు పడేలోపే పడుగు ఆరిపోయింది.

"ఏం గంజిరా ఇది?" అని అవతలి కొన పట్టుకున్న చెంగమ్మ అడిగింది.

వాడి సంతోషం ఏమని చెప్పను. పిండి ఎంత, నీళ్లెన్ని, ఎంతసేపు కలియబెట్టాలి, అన్నీ చెప్పాడు. ఆ వారమే చెంగమ్మ తన ఇంట్లో కాచింది. ఆ వానాకాలం ముగిసేసరికి వీధంతా అదే గంజి.

ఆ తర్వాతే యూనివర్సిటీవాళ్లు దానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. ఈరోడ్ కంపెనీ ఆ హక్కు తీసుకుంటామంది. అది జరిగితే కంపెనీ డబ్బుతో కొత్త ప్రాజెక్టు వస్తుంది, దేవేంద్రకు అందులో నికరంగా ఉద్యోగం. తీసుకునే ముందు గంజి పనిచేసే చోటు చూస్తామని కంపెనీ మనిషి వచ్చాడు. అదే ఆ కారు. పక్కన ప్రొఫెసరు, వెనక సీట్లో దేవేంద్ర.

కారు దిగేసరికి చెంగమ్మ వాకిట్లో కుండ ఉడుకుతోంది. ఆ మనిషి తమిళంలో ఏమిటని అడిగాడు. చెంగమ్మ మురిసిపోయి తనకొచ్చిన తమిళంలో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. "మా దేవేంద్ర నేర్పించినాడు సార్. కాపీ తాగి పొండి" అంది. ఆయన ప్రొఫెసరు వైపు చూశాడు. ప్రొఫెసరు దేవేంద్ర వైపు చూశాడు. కాఫీ ఎవరూ తాగలేదు.

అప్పటినుంచి దేవేంద్ర ఇంటికి రావడం మానేశాడు. వరదయ్యను అడిగితే, "పనెక్కువంటక్కా" అంటాడు తల వంచుకుని. నాకు కళ్లు చూపించుకునే పని ఉండి తిరుపతి వెళ్లాను. కళ్లు చూపించుకుని, ఆటో ఎక్కి నేరుగా యూనివర్సిటీకి పోయాను. పేటెంట్ల ఆఫీసులో కోమలి అనే అమ్మాయి కూర్చుని ఉంది.

"ఎవరు కావాలవ్వా?"

"ఎవురూ వద్దు. మా దేవేంద్ర యేం తప్పు చేసినాడో చెప్పు, పోతా."

నవ్వి కుర్చీ వేసింది. దరఖాస్తుకు ముందు ఎక్కడైనా బయటపెట్టావా, సభల్లో గానీ పత్రికల్లో గానీ, అని దేవేంద్రను తనే అడిగిందట. లేదన్నాడట. వాడు అబద్ధం చెప్పలేదు. నాయన పడుగుకు గంజి పెట్టడం కూడా అందులోకి వస్తుందని వాడికి తోచలేదు.

"ఒక్కసారి పరీక్షకని వీధిలో పెట్టుంటే ఏదో వాదించుకోవచ్చవ్వా. మీరంతా నేర్చుకుని రోజూ వాడుకుంటున్నారు. అందరికీ తెలిసిందానికి పేటెంటు ఇవ్వరు."

"దారే లేదా తల్లీ?"

"మా వకీలు ఒకటి చెప్పినాడు. ఆరోజు అక్కడున్నోళ్లంతా, ఇది రహస్యమని దేవేంద్ర ముందే చెప్పినాడు, అతని పరీక్ష కోసమే చేసినాము అని సంతకాలు పెట్టాల. కాగితం దేవేంద్రకే ఇచ్చినాం. తిరిగి తేలేదు."

"పెడితే ఏమవుతాది?"

"పేటెంటు నిలబడొచ్చు. నిలబడితే కంపెనీ ఒప్పుకోకుండా మీరా గంజి కాచకూడదు, ప్యాకెట్లు కొనుక్కోవాల."

ల్యాబు వరండాలో దేవేంద్ర సీసాలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. నన్ను చూసి లేచాడు. గడ్డం పెరిగింది. సారు మాట్లాడటం లేదని, ప్రాజెక్టు ఈ నెలాఖరుకే సరి అని చెప్పాడు.

"ఊర్లో నువ్వు గంజి అమ్ముకున్న్యావంటాండారు" అన్నాను.

"అమ్మాలనే అనుకున్న్యానత్తా. మీకెవురికీ చెప్పలేదంతే."

పెట్టెలో సీసాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పాత పేపరు కుక్కుతూనే ఉన్నాడు.

"మళ్లా ఆ కాగితం మాదగ్గిరికి యేల తేలేదురా? నీ ఉద్యోగం గదా. అడిగింటే పెట్టమా?"

"పెట్టేస్తారత్తా, సదవకుండానే పెట్టేస్తారు" అన్నాడు, పెట్టెలోకే చూస్తూ. "ఆ తర్వాత కార్తీకం వస్తే మా నాయన పడుక్కి యే గంజి పెట్టాల?"