అంబత్తూరు షెడ్డు మీద గుడ్లగూబ

వన్యప్రాణుల చిత్రకారిణినని చెప్పుకుంటూ తిరిగేదాన్ని గానీ, నేను పుట్టి పెరిగిన చూలై పేటలో అడవి ఏ మూలనుందో నాకే తెలియదు. మా వీధి నిండా చిన్నచిన్న వర్క్‌షాపులు. ఒకచోట రేకులు కొడుతుంటే పక్కన ఇనుము కోస్తుంటారు. ఆ మోతకు బెదరకుండా బతికే ప్రాణులే నాకు దొరికిన వన్యప్రాణులు. వంటింటి బల్లి, మురిక్కాలవలో పందికొక్కు, ఎదురింటి చెట్టుకు వేలాడే గబ్బిలాలు, కూవం అనే మురుగు ఏటి ఒడ్డున మనం ముక్కు మూసుకునే చోట హాయిగా ముక్కు ముంచి నిలబడే కొంగ. తొంభైల మొదట్లో, కాలేజీ చదువు అయిపోయి, పెళ్ళి కుదరక, ఇంట్లో అందరి కంటికీ ఖాళీగా కనబడే ఆ రోజుల్లో వీటన్నిటినీ కూర్చుని శ్రద్ధగా గీసేదాన్ని.

నా కోరికల్లా ఒక్కటే. నేను గీసిన బొమ్మ ఒకటి మా ఇంటి ముందు గదిలో గోడకు వేలాడాలి. వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ దాన్ని చూడాలి. ఇది పెద్ద కోరికేం కాదని మీకనిపించవచ్చు. మీకు మా అమ్మ తెలియదు. ఆ గోడ మీద సర్వాధికారాలూ ఆవిడవే. వెంకటేశ్వరస్వామి, పక్కన మురుగన్, వాళ్ళ మధ్య నగల కొట్టువాళ్ళిచ్చిన కొత్త క్యాలెండరు, దాని కింద పాత క్యాలెండరు. ఏడాది అయిపోయినంత మాత్రాన దేవుణ్ణి చెత్తలో వేయలేరు కదా, అందుకని ఆయన కూడా అక్కడే ఉండేవాడు.

బల్లి బొమ్మ తీసుకెళ్ళి చూపిస్తే అమ్మ గోడకేసి వేలు చూపించింది.

"నిజం బల్లి ఆడ ఊరికే ఉండాదే, మళ్ళా దానికి బొమ్మెందుకే?"

పందికొక్కును చూపిస్తే పమిట నోటికడ్డం పెట్టుకుంది. "రోజాపూలు గీయరాదా పాపా? సుమ్మా, ఊరికే కదలకుండా కూర్చోనుంటాయి. నీకు పురుగూ పుట్రా తప్ప ఇంకేం కంటికి ఆనవా?"

ఆ మాటకు ఒళ్ళు మండిపోయేది. పందికొక్కు పురుగా? పోనీ గబ్బిలం పుట్రా?

పప్పులు మూటల్లో కొనే అలవాటు మాది. అలా ఒకసారి అమ్మ పంపిస్తే సౌకార్‌పేటలో ఒక సేటు గోడౌనుకు వెళ్ళాను. మూటలు తూచే లోపల తల ఎత్తి చూశాను. పైన గాలికోసం వదిలిన కంతలో తెల్లటి మొహంతో ఒక గుడ్లగూబ కూర్చుని నిద్రపోతోంది. అంత దగ్గర్నుంచి అంత అందమైన మొహాన్ని నేనెప్పుడూ చూడలేదు. సేటు నా చూపు గమనించి, చేతులు జోడించి, అది లక్ష్మీదేవి వాహనమనీ, తన తాతల నాటి నుంచీ ఆ వంశం అక్కడే ఉంటోందనీ చెప్పాడు. ఎలుకల బెడద లేకపోవడం కూడా అమ్మవారి దయేనట. అదే పక్షి మా ఇళ్ళలో దూరిందంటే మాత్రం సామాన్లు సర్దుకుని, తాళం వేసుకుని బయటపడాలి. శాంతి చేయించాకే మళ్ళీ గుమ్మంలో కాలు పెట్టడం. సౌకార్‌పేట నుంచి చూలైకి నడిచి రావచ్చు. ఆ కాస్త దూరంలో పాపం ఆ పక్షి దేవత వాహనం కాస్తా దరిద్రమైపోయేది.

మర్నాటి నుంచి ప్లైవుడ్ ముక్క, రంగుల పెట్టె పట్టుకుని ఆ గోడౌనులో కందిపప్పు మూటల మీద కూర్చున్నాను. వచ్చిన చిక్కేమిటంటే, గుడ్లగూబ పగలంతా నిద్రపోతుంది. ఎంతసేపు కూర్చున్నా కళ్ళు మూసుకునే ఉంటుంది. కళ్ళు లేని గుడ్లగూబను గీస్తే చూసేవాళ్ళు క్యాలీఫ్లవరనుకుంటారు. అదృష్టవశాత్తూ పక్క గది నిండా ఎండుమిరపకాయలు. గాలి ఇటు తిరగ్గానే నాకు తుమ్మొచ్చింది. నేను తుమ్మగానే అది కళ్ళు తెరిచి, నన్ను కిందినుంచి పైదాకా ఒక్క చూపు చూసి, మళ్ళీ మూసుకుంది. అంతే, దారి దొరికింది. గాలి రాని రోజున ముక్కుపొడి పీల్చి మరీ తుమ్మేదాన్ని. ఒక తుమ్ముకు కుడి కన్ను, ఇంకో తుమ్ముకు ఎడమ కన్ను. మూటలు మోసేవాళ్ళు నా ఆరోగ్యం గురించి బెంగపడి శొంఠి కాఫీ తెచ్చిచ్చేవాళ్ళు.

ఇలా తయారైన బొమ్మలో ఆ పక్షి మొహం ఎలా ఉండాలో అలాగే ఉంది. నిద్ర చెడగొట్టినవాళ్ళను చూసే చూపు. ఎదురుగా నిలబడితే ఏ తప్పూ చేయనివాళ్ళకు కూడా క్షమించమని అడగాలనిపిస్తుంది. సేటు చాలాసేపు చూశాడు. బ్రహ్మాండంగా ఉందన్నాడు. కానీ దాని మీద అమ్మవారేదని అడిగాడు. లక్ష్మీదేవిని కూర్చోబెట్టి ఇస్తే తన గల్లాపెట్టె పైనే పెట్టుకుంటానన్నాడు. నేను గొప్పగా, ఇది నిజం పక్షి, దీని మీద ఎవరూ కూర్చోరని చెప్పి, గోనెపట్టాలో చుట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

గోనెపట్టా విప్పగానే అమ్మ గుమ్మం దాకా పరుగెత్తింది.

"ఇంట్లోకే తెచ్చేసినావటే! తీసకపో, తీసకపో!"

బొమ్మ గుడ్లగూబ దూరినా నిజం గుడ్లగూబ దూరినట్టేనా, ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అనే చర్చ భోజనాల దాకా నడిచింది. ఇల్లు వదిలితే ఎక్కడికి పోవాలో ఎవరికీ తోచక చివరకు రాజీ కుదిరింది. బొమ్మను గోడవైపు తిప్పి, దుప్పటి కప్పి, మంచం కింద పెట్టాలి. అమ్మ దాని మీద పసుపు నీళ్ళు చల్లింది. ఆయిల్ పెయింటు కాబట్టి తట్టుకుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు అది చీపురుకు తగిలి ఇటు తిరుగుతుందనే సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో లేతు మిషన్ల వర్క్‌షాపు. దానికి కొత్త షెడ్డు కట్టిస్తున్న రోజులవి. ఒకనాడు మా ఇంటికి వచ్చి మంచం మీద కాసేపు నడుం వాల్చాడు. లేచి చెప్పుల కోసం వంగి, ఒక్క ఎగురు ఎగిరాడు.

"అక్కా! మంచం కింద ఎవురో ఉండారు!"

గుండె నెమ్మదించాక దాన్ని బయటికి లాగి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కొత్త షెడ్డుకు దిష్టిబొమ్మ కట్టాలట. బజారులో అమ్మే కోరల రాక్షసుణ్ణి చూసి ఈమధ్య పసిపిల్లలు కూడా భయపడడం లేదట.

"దీన్ని చూస్తే చిన్నప్పుడు నేను చేసిన తప్పులన్నీ గుర్తుకొచ్చేసినాయక్కా. ఏ దిష్టీ దగ్గరికి రాదు. ఇదే కావల్ల నాకు."

నాకు ఏడుపొచ్చింది. అన్ని తుమ్ములు తుమ్మి గీసిన బొమ్మను బూడిదగుమ్మడికాయ పక్కన కడతారా? అన్నం తినకుండా అలిగి పడుకున్నాను. కానీ అలిగి పడుకున్నవాళ్ళకు ఆలోచనలు ఎక్కువ. మంచం కింద కంటే షెడ్డు మీద నయం కదా, ఎలాగైనా వేలాడుతుంది కదా అనిపించింది. పొద్దున లేచి, గుమ్మడికాయ నా సంతకానికి అడ్డం రాకూడదని షరతు పెట్టి ఇచ్చేశాను.

షెడ్డు పూజకు చుట్టాలందరం అంబత్తూరు వెళ్ళాం. షట్టరు పైన నా గుడ్లగూబ, ఒక పక్క గుమ్మడికాయ, కింద నిమ్మకాయలూ మిరపకాయలూ. ఇక్కడ కూడా దానికి మిరపకాయలు తప్పలేదు. పూజారి మంత్రం అందుకున్నాడు. అంతలో రేకుల అంచు మీద ఒక కాకి వాలింది. తల వంచి బొమ్మను ఒక కంటితో చూసింది. మెడ తిప్పి రెండో కంటితో చూసింది. తర్వాత గొంతు చించుకుని అరిచింది.

ఎస్టేటులో ఉన్న కాకులన్నీ వచ్చేశాయి. మంత్రాలు ఎవరికీ వినబడలేదు. ఒకటి గుమ్మడికాయను పొడిచింది, ఇంకొకటి నా గుడ్లగూబ నెత్తి మీద తన్నింది. అమ్మ రోజూ మొదటి ముద్ద కాకికి పెట్టి గానీ అన్నం ముట్టేది కాదు. కాకులంటే మాకు పోయిన పెద్దలు. కాబట్టి చుట్టాల్లో గోల మొదలైంది.

"పెద్దోళ్ళకు కోపమొచ్చిందప్పా! ఏమో మరిచిపొయినారు మీరు!"

పూజారి కండువా నెత్తిన కప్పుకుని మిగిలిన మంత్రాలను ఎక్స్‌ప్రెస్ బండిలా లాగించాడు. మామ చీపురు పట్టుకుని నిచ్చెన ఎక్కి, నడినెత్తిన ముక్కుపోటు తిని దిగాడు. అందరూ పెద్దల కోపం గురించి మాట్లాడుకుంటుంటే నాకు అసలు సంగతి వెలిగింది. పగటిపూట గుడ్లగూబ కంటబడితే కాకులు ఊరుకోవు, గుంపుగా వచ్చి తరుముతాయి. అంటే అవి నమ్మాయి! నా ప్లైవుడ్ ముక్కను నిజం గుడ్లగూబ అనుకున్నాయి! నేను నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఆ గోల మధ్యన నిలబడిపోయాను. తర్వాత నా బొమ్మలు మంచి మంచి హాళ్ళలో పెట్టారు, ఏసీ గదుల్లో పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ కాకులిచ్చినంత సంతోషం ఎవరూ ఇవ్వలేదు.

చివరకు మామ ఎలాగో బొమ్మ దించి గోనెపట్టా కప్పాక కాకులు తిట్టుకుంటూ పోయాయి. అమ్మ పట్టా అంచు ఎత్తి బొమ్మను చూసింది. నాకేసి చూసింది. అంతకు ముందు నా బొమ్మను ఆవిడ అంతసేపు చూడలేదు. ఇదే సమయమని అడిగేశాను.

"ఇప్పుడన్నా మన ఇంట్లో పెడతావా అమ్మా?"

"కాకులే కనిపెట్టలేక పొయినాయి గదే! ఇంత బాగా గీసినాక ఇంట్లో ఎట్ట పెట్టుకుండేది? ఇది నిజం గూబే గదా!"

బాగా గీయకపోతే గోడ ఎక్కనివ్వరు, బాగా గీస్తే ఇల్లే ఎక్కనివ్వరు. వ్యానులో ఇంటికి వస్తూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నెమలిని గీయి పాపా. ముందు గదిలోనే పెడతా, సత్తెంగా."

నేను గబుక్కున ఇటు తిరిగాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, గొంతు తగ్గించింది.

"అయితే ఇంత బాగా గీయబాక. మబ్బు పట్టిందంటే అరస్తాది, పక్కింటోళ్ళు ఊరుకోరు."