పదకొండో రోజు లెక్క

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే పన్నెండేళ్ల ఎనిమిది నెలల వయసులో, పదకొండు రోజులు బడికి వెళ్లలేదు. జ్వరం రాలేదు, గోదావరికి వరదా రాలేదు. నేను పెద్దమనిషినయ్యాను. ఆ సంగతి నాకన్నా ముందు ఊరికి తెలిసింది. మేళం వాళ్లకు కబురు వెళ్లింది, మేనమామ ఊరికి మనిషి వెళ్లాడు, వీధివీధికీ పేరంటం పిలుపు వెళ్లింది. అసలు నాకేమైందో నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఫ్లెక్సీ కట్టి, పిల్ల ఫోటో వీధి మలుపులో పెట్టి మరీ చాటుకుంటున్నారు. ఊరికి చెప్పేటప్పుడు రాని సిగ్గు, పిల్లకు చెప్పాల్సి వచ్చేసరికి ముంచుకొస్తుంది. నాకిప్పుడు డెబ్బై నాలుగో ఏడు. అరవై ఒక్క ఏళ్లుగా దీనిమీద నాకు విసుగే.

మాది గోదావరి పాయల మధ్య లంక ఊరు. హైస్కూలు అవతలి గట్టున ఉండేది. రోజూ పడవ దాటాలి. మా లంక నుంచి అలా వెళ్లే ఆడపిల్లలం మొదట ఇద్దరమే, నేనూ పక్కింటి అక్కా. అక్క నాకన్నా రెండేళ్లు పెద్ద. ఏడాదిన్నర ముందు తనూ ఇలాగే చాప మీద కూర్చుంది. మళ్లీ పడవ ఎక్కింది అత్తారింటికి వెళ్లడానికే. నేను చాప మీద ఉన్న రోజులకు ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది.

పదకొండు రోజులూ వెనకింటి గదిలో ఒక మూల కొత్త తాటాకు చాప మీద నన్ను కూర్చోబెట్టారు. కంచం వేరు, చెంబు వేరు. వచ్చిన ప్రతి ఇల్లాలూ నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి ముద్ద నోట్లో పెట్టి పోయేది. మూడో రోజుకే నాకు నువ్వుల వాసనంటే వెగటు పుట్టింది. కడుపులో ఏదో తెగి చచ్చిపోతున్నాననుకున్నాను. అమ్మనడిగితే, "నోర్మూసుకో, అన్నీ నీకే కావాలి" అంది. అమ్మకు అక్క, మా పెద్దమ్మ మాత్రం గుమ్మంలోంచే ఒక జాగ్రత్త చెప్పింది: మగాడి చెయ్యి తగిలితే కడుపొస్తుందట. పడవ సరంగు రోజూ చెయ్యి పట్టుకుని గట్టు మీదికి దించేవాడు. రోజుకు రెండుసార్లు, వారానికి ఆరు రోజులు. వేసవి సెలవుల తరవాత బడి తెరిచి పద్నాలుగు వారాలు. నూట అరవై ఎనిమిది సార్లు. లెక్క తప్పేమోనని మళ్లీ వేసుకుని మరీ ఏడ్చాను.

అసలు భయం అది కాదు. పద్నాలుగో రోజున క్వార్టర్లీ పరీక్షలు. గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసుకుంటున్నాను. ఆ గీతలు చూసి మా నాయనమ్మ, "ఎందుకే ఆ గీతలు? ఇంక ఏ పరీక్షలూ లేవు నీకు. పడవలో మగాళ్ల మధ్య కూర్చుని వెళ్తావేంటి?" అంది. మా ఇంట్లో నాయనమ్మ మాటే మాట. ఓణీ తెచ్చే మేనమామకే మాఘమాసంలో నన్ను ఇచ్చేద్దామని నాన్నతో అనడం కూడా విన్నాను. అతనికి ఇరవై ఆరేళ్లు. నాకు రెట్టింపు కన్నా ఎక్కువ.

పదకొండో రోజున తలంటి, ఓణీ కట్టి, ముగ్గేసిన పీట మీద కూర్చోబెట్టారు. పేరంటాళ్లు పదకొండు మంది. పక్కింటి అక్క గుమ్మం దగ్గర గోడకు చేరగిలబడి కూర్చుంది. అక్కను చూడటానికే అవతలి గట్టు ఆసుపత్రి నర్సమ్మగారు ఆ పొద్దున లంకకు వచ్చారు. మా ఇంట్లో అమ్మ తరం పురుళ్లన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగాయి, అందుకని ఆవిణ్ణీ పేరంటానికి పిలిచారు. ఒక్కొక్కరూ నా తల మీద అక్షింతలు వేస్తున్నారు. నర్సమ్మగారి వంతు వచ్చింది. ఆవిడ అక్షింతలు గుప్పెట్లోనే ఉంచుకుని, "పిల్ల లెక్కల్లో ఫస్టట కదా. పలక తెప్పించండి. ఓ లెక్క చేయించాక వేస్తాను" అన్నారు.

"హారతి టైంలో లెక్కలేంటండీ నర్సమ్మగారూ" అంది పెద్దమ్మ.

"హారతి ఎక్కడికీ పోదు గానండీ, మీ పెద్దాడు పుట్టినప్పుడు మీకెన్నేళ్లు?"

"మొగుడూ పిల్లలూ లేనావిడకి మా పురుళ్ల గొడవెందుకో" అని వెనకనుంచి ఎవరో అంటే గదంతా ఘొల్లుమంది. నర్సమ్మగారూ నవ్వారు. "కనేసి మీరు మర్చిపోతారు. గుర్తుపెట్టుకునే పని నాకు పడిందమ్మా" అన్నారు.

పలక వచ్చింది. మూడు గళ్లు గియ్యమన్నారు. పెద్దమనిషైన వయసు, తొలికాన్పు వయసు, ఆ బిడ్డ ఉన్నదీ లేనిదీ. వయసు చెప్పమంటే ఒక్కరికీ తెలియదు. ఒకావిడ పెద్ద గాలివాన ఏట పెద్దమనిషయింది, ఊరు వరదకు ఖాళీ చేసిన ఏట కాన్పయింది. ఇంకొకావిడకు కొత్త రేవు కట్టిన ఏడే గుర్తు. ఒకళ్ల ఏడు ఇంకొకళ్లు దిద్దుతూ, పోట్లాడుతూ, నవ్వుతూ చెప్పారు. ఏ ఏటికి ఏ ఏడు ఎంత దూరమో తీసేసి వేయడం నా పని. మొదటి రెండు గళ్లకూ నవ్వారు. మూడో గడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి గొంతూ తగ్గిపోయింది.

పదకొండు మందిలో ఒకావిడకు పిల్లలు లేరు. పది మందిలో ఎనిమిది మందికి పదహారు నిండకుండానే తొలికాన్పు. ఆ ఎనిమిది మంది బిడ్డల్లో ఉన్నది ముగ్గురు. ఆలస్యంగా కన్న ఇద్దరి బిడ్డలూ ఉన్నారు. పది మందితో ఏదీ రుజువు కాదని గణితం చదివాక నాకు తెలిసింది. కానీ ఆ గదిలో రుజువు ఎవరూ అడగలేదు. పైకి చదవమంటే చదివాను. చదువుతుండగా పక్కింటి అక్క పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడు హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ నాయనమ్మ, "నాది రాయలేదేంటే" అంది.

మాకు తెలిసి నాయనమ్మకు ఐదుగురు బిడ్డలు. నాన్న పెద్దవాడు. "మీ నాన్నకు ముందు ఇద్దరు. పద్నాలుగేళ్లకొకడు, పదహారుకొకడు. పేరు పెట్టేదాకా కూడా లేరు" అంది. ఆ మాట మా నాన్నకు కూడా అప్పటిదాకా తెలియదు. పలక మీద చోటు లేకపోతే అంచున రాశాను.

నర్సమ్మగారు ఇంకేం వాదించలేదు. నేల మీద కూర్చుని, పీట ముందు ముగ్గుపిండితోనే గర్భసంచి బొమ్మ వేశారు. అది జామకాయంత ఉంటుందనీ, నెలనెలా బిడ్డ కోసం లోపల పరుపు పరుచుకుంటుందనీ, బిడ్డ లేకపోతే ఆ పరుపే రక్తంగా బయటికి వస్తుందనీ, అది రోగమూ కాదు మైలా కాదనీ చెప్పారు. చెయ్యి తగిలితే కడుపు రాదు, ఆడా మగా ఒంటితో కలిస్తేనే వస్తుందన్నారు. నెత్తురు కనపడగానే ఒళ్లు కాన్పుకు సిద్ధమైనట్టు కాదు, ఎముకలు ఇంకా ఎదగాలన్నారు. నీకిష్టం లేని చెయ్యి మీద పడితే, ఎవరిదైనా సరే, అరిచి చెప్పు, తప్పు నీది కాదన్నారు. పేరంటాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లేచి వెళ్లినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మా పెద్దమ్మ అయితే ఇంకా ముందుకు జరిగింది. ఆవిడకు అప్పుడు నలభై రెండేళ్లు. ఆ బొమ్మ ఆవిడా మొదటిసారి చూడటమే.

"పరీక్షలెప్పుడే?" అంది నాయనమ్మ.

"ఆవలెల్లుండి."

"ఇంకా ఆ పీట మీద కూర్చున్నావేంటి మరి? పుస్తకం తియ్యి."

నర్సమ్మగారు గుప్పెట్లో చెమటకు తడిసిన అక్షింతలు అప్పుడు నా తల మీద వేశారు. ఓణీ తెచ్చిన మేనమామ భోజనం చేసి, సాయంత్రం పడవకు వెళ్లిపోయాడు.

నాయనమ్మ ఏమీ మారిపోలేదు. ఆ పరీక్షల మొదటి రోజు నుంచి రెండున్నరేళ్లు, పరువు కోసమని, తనే పడవలో నాకూ మగాళ్లకూ మధ్య కూర్చుని, సణుక్కుంటూ అవతలి గట్టు దాకా వచ్చేది. సణగనీ. నేను బడికి చేరాను. పక్కింటి అక్కకు నర్సమ్మగారు పట్టుబట్టి ఆసుపత్రిలోనే పురుడు పోశారు. అక్క దక్కింది. బిడ్డ తొమ్మిది రోజులుంది. అక్క మళ్లీ బడికి రాలేదు. మేమిద్దరం ఒకే పడవలో మొదలయ్యాం. ఏడాదిన్నర ముందే ఎవరో ఒకరు తన పీట ముందు కూర్చుని ఆ బొమ్మ వేసి ఉండాల్సింది.

తరవాత ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. సైన్సు టీచర్లు ఆ పాఠం రాగానే "ఇంటిదగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేయడం ఎన్నిసార్లు చూశానో. ఆ పీరియడ్ అడిగి తీసుకుని, బోర్డు మీద ఆ బొమ్మ నేనే వేసేదాన్ని. ఒక ఆడపిల్ల వరసగా నాలుగు రోజులు రాకపోతే అయిదో రోజు వాళ్లింటికి వెళ్లేదాన్ని.

ఇప్పుడూ పెద్దావిడనని నన్ను ఫంక్షన్లకు పిలుస్తారు. డ్రోన్ కెమెరా నెత్తిమీద తిరుగుతుంటే స్టేజీ ఎక్కి, అక్షింతలు చేతిలో పట్టుకుని, పిల్లకు ఏమైందో చెప్పారా అని తల్లిని అడుగుతాను. బడికి మళ్లీ ఏ తారీకున పంపుతారని అడుగుతాను. "చూద్దాం లెండి మేడం గారూ" అంటే కుదరదు. తారీకు చెప్పేదాకా అక్కడే నిలబడతాను, వెనక వరస ఎంత పెరిగినా సరే. కిందటేడాది మూడిళ్ల వాళ్లు నన్ను పిలవలేదు. పిలవకపోయినా, మర్నాడు వెళ్లి అడిగి వచ్చాను.