శని వలయాలు గీసిన చెయ్యి

“ఉపన్యాసం చివర్లో నీ పేరు చెబుతానయ్యా” అని మా సైన్సు మాస్టారు మా నాన్నకు మాటిచ్చాడు. చెప్పలేదు.

నిన్న ఫిల్మ్ నగర్‌లో విజ్ఞానశాస్త్ర చరిత్ర మీద సభకు వెళ్తే, అద్దాల పెట్టెలో ఆ గాజు పలకలే కనిపించాయి. మన ఈడు వాళ్లకు గుర్తుందా, గాజు పలకల మీది బొమ్మలను తెర మీద చూపించే మ్యాజిక్ లాంతరు వేడెక్కితే వచ్చే ఆ వార్నిష్ వాసన? బోర్డులు రాసే మా నాన్న, మాస్టారి ఉపన్యాసాల కోసం ఆ పలకల మీద శని వలయాలను సన్నటి కుంచెతో గీసేవాడు. ఊపిరి తగిలి రంగు చెదురుతుందని నేను ముక్కు మూసుకుని చూసేవాణ్ణి.

మాస్టారి కొడుకు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని. “ఇవన్నీ మా డాడీ స్వయంగా పెయింట్ చేశారండీ” అన్నాడు మైకులో. అబద్ధమని చెప్పడానికి లేచాను.

“జర కూసోండ్రి అంకుల్, టైం అయిపోయింది” అంది మైకు అందించే అమ్మాయి.

టీ ఇచ్చినవాడి పేరు కూడా సినిమా చివర వేసే చోట, మా నాన్న పేరుకు టైం లేదు.

మాస్టారు దొంగ. కొడుకు మూర్ఖుడు. వాళ్లను తిట్టి ఊరుకోగలను. కానీ ఆనాడు పేరు చెప్పకుండానే మాస్టారు వేదిక దిగిపోతుంటే, అందరికంటే ముందు లేచి నవ్వుతూ చప్పట్లు కొట్టిన మనిషిని మాత్రం ఇప్పటికీ క్షమించలేను. ఆయన పేరు రాఘవయ్య. మా నాన్న.