ఊపిరితో పడిన కౌజు

మల్లేశం అరబ్బు దేశంలో, బహ్లా అనే ఊళ్లో ఖర్జూరపు తోట పని చేస్తాడు. సొంతూరు జగిత్యాల పక్కన. మా రూమ్‌లో అందరికంటే తక్కువ మాట్లాడేది అతనే. అయినా శుక్రవారం పొద్దున్నే యజమాని ఫహద్ బండి అతన్ని వేటకు తీసుకెళ్లడానికి వచ్చేది. బకెట్లలో బట్టలు నానబెట్టుకుని మిగతావాళ్లం చూస్తుండేవాళ్లం. తోట పనివాడితో వేటలో ఏం పనో చూద్దామని, సంచి మోస్తానని చెప్పి ఒకసారి నేనూ ఎక్కాను.

ఫహద్‌ది సన్న గొట్టం తుపాకీ. దూరం కొట్టదు. పిట్టే దగ్గరికి రావాలి. మల్లేశం రాళ్ల వెనక బోర్లా పడుకుని గొంతులోంచి కౌజు పిట్ట కూత తీస్తే గుట్ట మీంచి జవాబు వచ్చింది.

"మనూరి కూత దీనికెట్ల తెలుసన్నా?"

"పిట్టకు వీసా అక్కర్లేదు తమ్మీ. సప్పుడు జేయకు."

ఆస్పత్రి నుంచి వచ్చిన ఫహద్ తండ్రి మూడు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. కౌజు రసం అయితే తాగుతానన్నాడు. వేట అనుమతి ఆ రోజుతో సరి.

ఫహద్ దేవుడి పేరు తలచి కాల్చాడు. పిట్ట బండ అవతల పడింది. మల్లేశం ముందు పరుగెత్తాడు, వెనక నేను. పిట్ట రెక్క విరిగింది, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఊళ్లో చేసినట్టే మల్లేశం చటుక్కున దాని మెడ తిప్పేశాడు. ఆ తర్వాతే అతని ముఖం మారింది.

దేవుడి పేరు తలచి కాల్చిన దెబ్బకే చనిపోతే, ఫహద్ వాళ్ల మతం ప్రకారం తినొచ్చు. ప్రాణంతో దొరికితే మాత్రం ఫహదే దేవుడి పేరు చెప్పి గొంతు కోయాలి. మూడేళ్లుగా వెంట తిరిగే మల్లేశానికి ఇది తెలియనిది కాదు.

"చెప్పకన్నా. ఎవరు చూసిన్రు?" అన్నాను.

ఫహద్ రొప్పుతూ వచ్చాడు. "మల్లేశ్, జిందా థా?" అని, పిట్ట బతికుందా అని అడిగాడు.

"జిందా థా, అర్బాబ్. మైనే మారా." బతికే ఉండె, నేనే చంపిన అని యజమానితో ఒప్పుకున్నాడు మల్లేశం.

ఫహద్ తిట్టలేదు. తుపాకీ మడిచి, ఖాళీ తూటా తీసి జేబులో వేసుకున్నాడు. "బాబాకో క్యా బోలూఁ?" నాన్నకేం చెప్పను అన్నాడు, ఎవరినీ చూడకుండా.

మల్లేశం మళ్లీ పడుకుని కూశాడు. ఎండకు రాళ్లు కాలేదాకా కూశాడు. జవాబు రాలేదు.

ఆ పిట్టను రూమ్‌లో మేమే వండుకున్నాం. "అబద్ధమాడితే ఏం బోయేదన్నా?" అని అడిగాను.

"ముసలాయన నోట్లెకు బోయేది" అన్నాడు, ఎముక చీకుతూ.

ఫహద్ ఇంటికి కోడి రసం పట్టుకెళ్లాడట. తండ్రి ఒక గుక్క తాగి, ఇది కౌజు కాదన్నాడట. కాసేపాగి ఆ కోడి రసం గిన్నే మళ్లీ అడిగాడట.