ప్రెసిడెంటు గారి సంతకం

మా ఊళ్ళో సర్పంచిని ప్రెసిడెంటు గారనే అంటారు. ఆ ఊరికి మొట్టమొదటి ఆడ ప్రెసిడెంటు మా అమ్మ. సీటు ఆడవాళ్ళకు రిజర్వు కావడంతో నాన్న ఆమెను నిలబెట్టారు. గెలిచిన రోజు అమ్మ మెడలో కన్నా నాన్న మెడలోనే ఎక్కువ దండలు పడ్డాయి. మర్నాటి నుంచి జనం నాన్ననే "ప్రెసిడెంటు గారండీ" అని పిలవడం, ఆయన "ఆయ్" అని పలకడం. అమ్మ లోపల పిండి రుబ్బుకుంటూ ఉండేది. నాకందులో తప్పేమీ తోచలేదు. ఇంటర్ చదువుతున్న నాకు ప్రెసిడెంటు గారమ్మాయినని మిడిసిపడటానికే తీరిక చాలేది కాదు.

పంచాయతీ తీర్మానాల పుస్తకం సంతకానికి మా ఇంటికే వచ్చేది. అమ్మ చదివింది ఐదో తరగతి. ఒక్కో అక్షరం పలక మీద దిద్దినట్టు నిదానంగా రాసేది. పంచాయతీ కార్యదర్శికి అంత ఓపిక ఉండేది కాదు. ఒకరోజు నాన్న, "అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి, నువ్వు పెట్టెయ్యమ్మా" అన్నారు. పెట్టేశాను. రెండు మూడు నెలల్లో నా చేయి తిరిగిపోయింది. చివరి అక్షరం తోకను పైకి తిప్పడం మాత్రం నా అలవాటు, అమ్మది కాదు. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

అమ్మే చూసింది. ఓ రోజు చేతులు కడుక్కుని వచ్చి, పుస్తకం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. కాలవగట్టు పేటకు వెయ్యాల్సిన మంచినీళ్ళ కుళాయి మా వీధికి వేస్తున్నట్టు రాసి ఉంది.

"ఇదేంటండీ, పేటోళ్ళకి కదా ఇత్తామన్నాం?" అని నాన్నను అడిగింది.

"మనకెందుకొచ్చిన గొడవ. సంతకం పెట్టు."

"ప్రెసిడెంటుని నేను కదండీ," అంది అమ్మ. కోపంగా కాదు, ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు అంది.

ఆ సోమవారం నుంచి బండారులంక నేత చీర కట్టుకుని తనే పంచాయతీ ఆఫీసుకు వెళ్ళసాగింది. వార్డు మెంబర్లు నాన్న ఏరని అడిగితే, "ఆయనతో పనుంటే ఇంటికెళ్ళండి, పంచాయతీతో పనుంటే కూర్చోండి" అనేది. గోదావరికి వరదొచ్చినప్పుడు లంకలో చిక్కుకున్న వాళ్ళకు అన్నం గిన్నెలతో పడవెక్కి తనే వెళ్ళింది. కుళాయి పేటలోనే పడింది. మెల్లగా పిలుపు మారింది. టీ కొట్టు దగ్గర ఎవరో నాన్నను "ప్రెసిడెంటు గారి భర్త" అన్నారు. ఆయన రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు.

ఐదేళ్ళయ్యాయి. ఈసారి సీటు జనరల్. అయినా నిలబడతానంది అమ్మ. ఊరు ఏమనుకుంటుందోనని నాన్నే ఆమె పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం చేశారు. సరిగ్గా అప్పుడే, నాకు పెళ్ళి కుదరాలని మురమళ్ళ స్వామికి కల్యాణం చేయించిన నెలకే, నాకో సంబంధం వచ్చింది. అబ్బాయికి కువైట్‌లో ఉద్యోగం. నాకు బాగా నచ్చాడు. వాళ్ళ పెద్దలు మాత్రం, "ఆవిడ మగోళ్ళతో సమానంగా తిరుగుతారంట కదండీ. ఎలక్షన్లు అవ్వనివ్వండి, చూద్దాం" అని వెళ్ళిపోయారు. అమ్మ గెలిస్తే ఈ సంబంధం పోయినట్టేనని నాన్న అన్నారు.

నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు, నాన్న ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు అమ్మ పేరున రాసి ఉంది. ఆ సమయానికి అమ్మ పేటలో ఓట్లు అడుగుతోంది. నాన్న బతిమాలలేదు, బెదిరించలేదు. పెన్ను మూత తీసి చేతికిచ్చారు. నేను పెట్టేశాను. నాన్న పెట్టమంటే పెట్టానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నాకా పెళ్ళి కావాలి.

సాయంత్రం ఎన్నికల గుర్తు తీసుకోవడానికి అమ్మ ఆఫీసుకు వెళ్ళింది. ఇంట్లో కూర్చోలేక నేనూ వెనకాలే వెళ్ళాను.

"మీరు తప్పుకున్నారు కదమ్మా, మీ పేరు ప్రతిపాదించిన మీవారే కాగితం తెచ్చిచ్చేరు," అన్నారు అధికారి.

అమ్మ ఆ కాగితం అడిగి తీసుకుంది. పైకి తిరిగిన తోక దగ్గర ఆమె చూపు ఆగడం గుమ్మంలోంచి నాకు కనబడింది.

"సంతకం మీది కాకపోతే చెప్పండమ్మా. ఎవరు పెట్టేరో తేల్చి కేసు రాయిస్తాను. మీరు పోటీలో ఉంటారు."

అమ్మ నా వైపు చూడనైనా లేదు. "నాదేనండీ," అంది.

బయట పేటవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక ముసలామె, "మీరూ అంతేనాండీ?" అని అడిగింది. అమ్మ తల వంచుకుని "ఆయ్" అంది.

నా పెళ్ళి జరిగింది. మనిషి మంచివాడే, అదొక బాధ. ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు. అమ్మ ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేదాన్ని. ఆ రోజు తర్వాత ఆమె పెన్ను పట్టుకోలేదు. బ్యాంకులో కూడా వేలిముద్రే వేసేది. ఎవరైనా అడిగితే చేయి వణుకుతోందనేది. అమ్మ చేయి ఎప్పుడూ వణకలేదు.

పోయినేడాది అమలాపురం ఆసుపత్రిలో, ఆపరేషనుకు ముందు నర్సు కాగితం తెచ్చింది. అమ్మ అలవాటుగా బొటనవేలు చాపింది. ఇంకు ప్యాడు కనబడటం లేదని, సంతకం పెట్టడం వచ్చా అని నర్సు అడిగింది.

అమ్మ నన్ను చూసి నవ్వింది. "మా అమ్మాయి పెడతాదమ్మా. నా సంతకం దానికే బాగా వచ్చు."

ఆ నవ్వులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చేయి తడబడలేదు. ఆ మంచం మీంచి అమ్మ మళ్ళీ లేవలేదు. ఆమె పేరున ఆఖరి సంతకం కూడా నేనే పెట్టాను.