బూడిదతో గీసిన కనుబొమ

నా చిన్నప్పుడు మా తాత నమ్మిన మనిషి లేడు, నమ్మిన మబ్బు కూడా లేదు. పక్కనున్న తనకల్లు ఊరి వైపు ఆకాశం నల్లబడితే చాలు, "అది మనకోసరం రాలేదు పాపా, యాడికో పోతాండాది" అనేవాడు. వాన పడి చేను తడిసినా సాయంత్రం దాకా ఒప్పుకునేవాడు కాదు. ఇన్నేళ్లుగా పత్రికకు రోజూ బొమ్మల కథ గీస్తున్నా, అంతటి అనుమానపు ముఖం నాకు మళ్లీ తారసపడలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. శెనక్కాయలన్నీ తెచ్చి కళ్లంలో పోస్తే కుప్ప నా నడుము దాకా కూడా రాలేదు. కుప్ప మీద బూడిదతో గుర్తు గీయడం మా వైపు మామూలే. ఎవరైనా చేయి పెడితే కాయలు జారి గీత చెదిరిపోతుంది. అందరూ అడ్డంగా రెండు గీతలు గీసి ఊరుకుంటే, మా తాత మాత్రం ఏకంగా ఒక ముఖం గీసేవాడు. గుండ్రటి కళ్లు, మెలితిప్పిన మీసం. దొంగను అది కనిపెట్టి చూస్తుంటుందట. మధ్యాహ్నం ఆయన సంగటి తినడానికి ఇంటికి పోతే పక్కింటి పెద్దమ్మ కాపలా కూర్చునేది. మగదిక్కు లేని మనిషి. కూలి కింద ఆమెకు ఒక తట్ట కాయలు ముడతాయి. ఏడాది పొడవునా ఆ ఇంట్లో నూనె అంటే అవే.

పెద్దమ్మ ఎండకు కునుకు తీయగానే నేను పోయి ఒడి నిండా కాయలు నింపుకునేదాన్ని. పొయ్యిలో బూడిదకు ఎవరూ కాపలా లేరు కాబట్టి, గుప్పెడు తెచ్చి చెదిరిన ముఖాన్ని మళ్లీ గీసేదాన్ని. మొదటి రోజు భయంభయంగా గీశాను. నాలుగో రోజుకు భయం పోయి, తాత గీసే మీసం వంకరగా ఉందనిపించింది. సరిదిద్దాను. ఎడమ కనుబొమ కాస్త పైకెత్తితే ముఖానికి ప్రాణం వచ్చింది. నాకెంత మురిపెమో చెప్పలేను.

ఆ రోజు తాత తిరిగొచ్చి కుప్ప చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆ ముఖం వంకే చూశాడు, నా వంక చూడలేదు.

"ఎవురో చెయ్యి పెట్టినారు. రేపట్నించి నువ్వు రావద్దులేమ్మా" అన్నాడు పెద్దమ్మతో.

"నేను యాడ ముట్టినా మామా? నా బిడ్డల మీద ఒట్టు" అని ఆమె ఏడ్చింది. తట్ట కాయలు పోయినట్టే. నేను తాత పక్కనే నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

తాత బూడిద తెప్పించి, అలికిన నేల మీద మా ఇద్దర్నీ ఒక్కో ముఖం గీయమన్నాడు. పెద్దమ్మ గీసింది మాడిన దోసెలా వచ్చింది. నేను తెలివైనదాన్ని కదా, కావాలనే చెత్తగా గీశాను. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది, మీసమేమో చీపురు. లేచి నాలుగు అడుగులు వేశాను. కానీ అంత పాడు బొమ్మను అలా వదిలేసి పోవడం నా వల్ల కాలేదు. వెనక్కి వచ్చి కూర్చుని మీసం దిద్దాను. వేలు దానంతటదే పోయి ఎడమ కనుబొమ పైకెత్తింది.

తాత అరవలేదు. "బాగా గీసినావు పాపా. ఇంగ ఆయమ్మకు ఏం చెప్తావో పోయి చెప్పు" అన్నాడు. పెద్దమ్మ కాళ్లు పట్టుకుని ఏడ్చాను. తాత ఆ పొద్దే తట్ట నింపి నా నెత్తిన పెట్టాడు. కళ్లం మా రెండిళ్ల వెనకే అయినా, ఆమె గడప దాకా ఆ నాలుగు అడుగులు అంత దూరం ఎలా అయ్యాయో నాకు తెలియదు.

ఆయన మొదటి రోజే కనిపెట్టాడనీ, నా నోటితో చెప్పిద్దామని పెద్దమ్మను అడ్డం పెట్టాడనీ నా అనుమానం. పెద్దయ్యాక అడిగితే మీసంలో నవ్వేవాడు. పెద్దమ్మ కన్నీళ్లు మాత్రం నిజం.

నా బొమ్మల కథలో ముసలాయనకు ఎడమ కనుబొమ ఎప్పుడూ పైకే ఉంటుంది. పాఠకులు దాన్ని నా శైలి అంటారు. నేను సరేనంటాను. కానీ రోజూ ఆ గీత గీసి బొమ్మ పంపే ముందు, ఈ పూట నీ తప్పుకు ఎవరిని అడ్డం నిలబెట్టావని అది నన్నే అడుగుతుంది.