ఫోన్లో నేను చనిపోయిన రోజు

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలో మేముండే ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఒక కాకి వచ్చి నా తల మీద తన్నింది.

కిందికొచ్చి చెప్పగానే అమ్మ కుట్టుమిషన్ ఆపేసింది. కాకి తంతే కీడట... పిల్ల పోయిందని దగ్గరివాళ్లకు కబురు చేసి, వాళ్లు ఏడ్చాక నిజం చెప్పాలట. ఆ ఏడుపుతో కీడు పోతుందట.

సిరిసిల్లలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ కలిపింది. కానీ ఆ మాట అమ్మ నోట రాలేదు. పక్కింటి భీమవరం ఆంటీ చెయ్యి చాపింది. "ఏంటండీ, ఉత్తుత్తి మాటే కదా! ఇలా ఇవ్వండి, నేను చెప్తా."

చెప్పేసింది కూడా.

స్పీకర్‌లోంచి ఏడుపు... నా పేరు పెట్టి. నేనక్కడే, అమ్మ కొంగు పట్టుకుని నిలబడి వింటున్నాను.

అమ్మ ఫోన్ లాక్కుంది. "ఏడ్వకమ్మా! పోరి బతికే ఉన్నది! కాకి తన్నిందని గట్ల చెప్పినం."

ఏడుపు ఆగింది. తర్వాత, "జర దాన్ని మాట్లాడమను."

"అమ్మమ్మా..." అన్నాను. భయంతో నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినిపించింది.

"నువ్వు కాదు" అంది అమ్మమ్మ.

సాయంత్రానికల్లా బస్సెక్కి వచ్చేసింది. గుమ్మంలోనే ముందు నా పాదాలు చూసింది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా... "ఏంటండీ, పెళ్లిచూపులా?" అని ఆంటీ నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. ఆ రాత్రి నా గుండె మీద చెయ్యి వేసే నిద్రపోయింది.

ఇప్పుడు నేను పంజాగుట్టలో హాస్టల్లో ఉండి తెలుగు చదువుకుంటున్నాను. మొన్న నిఘంటువులో 'బ్రతుకు' దగ్గర ఆగిపోయాను. జీవించడం ఒక్కటే కాదు, పోయిన ప్రాణం తిరిగి రావడం కూడా బతకడమేనట. నిజమే... వాడిపోయిన కరివేపాకు మొక్క చిగురేస్తే 'బతికింది' అంటాం. పరీక్ష వాయిదా పడినా 'బతికిపోయాం' అనేస్తాం. ఎంత తేలిగ్గా వాడేస్తామో!

అమ్మమ్మకు కొన్నాళ్లుగా మతిమరుపు. అమ్మ అక్కడే ఉండి చూసుకుంటోంది. ఈ పొద్దున అమ్మ ఫోన్ చేసింది... అమ్మమ్మ లేస్తూనే నా కోసం శోకాలు పెట్టిందట. ఆంటీ చెప్పిన మాట గుర్తుంది. ఆ వెంటనే అమ్మ చెప్పిన మాట గుర్తులేదు. బతికే ఉందని ఎంత చెప్పినా, "నాకు ఫోనొచ్చింది గదనే" అంటుందట.

ఇప్పుడు కబురంటే వీడియో కాల్... ఇలాంటి అబద్ధాలకు కాలం చెల్లిపోయింది. మీ ఇళ్లలో ఎవరినైనా ఇలా ఏడిపించారా? ఏడ్చినవాళ్లు తర్వాత పూర్తిగా నమ్మారా? ఉంటే చెప్పండి...

నన్ను చూసి అమ్మమ్మ ఎవరనుకుంటుందో తెలియదు. రేపు పొద్దున మొదటి బస్సుకు సిరిసిల్ల వెళ్తున్నాను.